కీమో తర్వాత ఇంట్లో: సైడ్ ఎఫెక్ట్స్‌ని గుర్తించడం, తట్టుకోవడం, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలో తెలుసుకోవడం

కీమో డే కేర్‌లో నాలుగైదు గంటల్లో అయిపోతుంది. సాయంత్రానికి డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టి మూడు వారాల తర్వాత రమ్మంటారు. హైదరాబాద్ ఎంఎన్‌జేలోనో, బసవతారకంలోనో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభాలోనో మందు ఎక్కించుకుని ఆ రాత్రే బస్సెక్కి ఆదిలాబాద్‌కో పలాసకో పోయేవాళ్లు ఎంతోమంది. వాంతులు మొదలయ్యేదీ, జ్వరం వచ్చేదీ ఇల్లు చేరాకే. అప్పుడు పక్కన డాక్టరు ఉండరు. ఇంటివాళ్లే ఉంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట: "కీమో అన్నాక ఆ మాత్రం ఉంటుందిలే." ఆ మాట దగ్గరే చాలా నష్టం జరుగుతుంది. సైడ్ ఎఫెక్ట్స్‌లో చాలావాటికి ఇవాళ మంచి మందులున్నాయి. కొన్నింటికి మాత్రం గంటల లెక్కన చికిత్స అందాలి. రెండింటికీ కావాల్సింది ఒకటే. రోగి ఓర్చుకోకుండా చెప్పాలి, ఇంటివాళ్లు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి చెప్పాలి.

అసలు ఎందుకొస్తాయి?

కీమో మందు వేగంగా విభజన చెందే కణాల మీద దాడి చేస్తుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే. కానీ ఎముక మూలుగలో రక్తకణాలు తయారుచేసేవి, నోటి లోపలి పొర, పేగుల పొర, జుట్టు కుదుళ్లు కూడా అలాంటివే. అందుకే రక్తకణాలు పడిపోవడం, నోటి పూత, విరేచనాలు, జుట్టు రాలడం. ఈ కణాలకు కోలుకునే శక్తి ఉంది కాబట్టే సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య వ్యవధి ఇస్తారు (ఒక్కో విడత కీమోను సైకిల్ అంటారు). సైడ్ ఎఫెక్ట్స్ తక్కువగా ఉన్నంత మాత్రాన మందు పనిచేయట్లేదని కాదు. ఎక్కువగా ఉంటే బాగా పనిచేస్తోందనీ కాదు.

మొదటి అడుగు: మందు ఎక్కించకముందే అడగాల్సినవి

ఒక నోట్‌బుక్ కొనండి. మొదటి పేజీలో క్యాన్సర్ పేరు, స్టేజీ, ఇస్తున్న మందుల పేర్లు, సైకిల్ తేదీలు రాయండి. "ఎర్ర మందు", "తెల్ల సెలైన్" అని గుర్తుపెట్టుకుంటే చాలదు. అర్ధరాత్రి వేరే ఆస్పత్రికి వెళితే అక్కడి డాక్టరుకు కావాల్సింది అసలు పేరు. రాత్రిపూట ఫోన్ ఎత్తే నంబరు ఏదో అడిగి పెద్ద అక్షరాలతో రాసుకోండి.

హెపటైటిస్ బి పరీక్ష అయిందో లేదో కనుక్కోండి. ఆ వైరస్ ఒంట్లో నిద్రాణంగా ఉంటే కీమో సమయంలో విజృంభించి కాలేయాన్ని దెబ్బతీయగలదు. ముందే తెలిస్తే మాత్రలతో ఆపొచ్చు. డాక్సోరుబిసిన్ గానీ ట్రాస్టుజుమాబ్ గానీ ఇస్తుంటే గుండెకు 2డి ఎకో తీయించాలి. నోటికి, గొంతుకు రేడియేషన్ ఉంటే ముందే పళ్ల డాక్టరుకు చూపించాలి. షుగర్ ఉంటే గట్టిగా చెప్పండి. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ స్టెరాయిడే కాబట్టి రెండు మూడు రోజులు షుగర్ బాగా పెరుగుతుంది. మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.

ఇంకా పిల్లలు కావాలనుకునే వయసువాళ్లయితే వీర్యం, అండాలు భద్రపరచుకునే సంగతి మొదటి డోసుకు ముందే అడగాలి. తర్వాత అడిగితే చాలాసార్లు ఆలస్యమైపోతుంది. పెద్దల ముందు ఈ మాట ఎత్తడం ఇబ్బంది అనిపిస్తే డాక్టరుతో విడిగా మాట్లాడతామని చెప్పండి.

రెండో అడుగు: ఇంట్లో సిద్ధంగా ఉంచాల్సినవి

డిజిటల్ థర్మామీటర్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, డాక్టరు రాసిచ్చిన వాంతుల మాత్రలు, విరేచనం ఆపే మాత్ర, మలబద్ధకానికి సిరప్, మెత్తటి బ్రష్, వంట సోడా. వీటిని ఒకే డబ్బాలో పెట్టండి. థర్మామీటర్ లేకుండా చేత్తో నుదురు పట్టి చూసి "కొంచెం వెచ్చగా ఉంది" అనుకోవడం ఈ రోజుల్లో పనికిరాదు.

మూడో అడుగు: ఏ రోజు ఏముంటుందో క్యాలెండర్ మీద గుర్తుపెట్టండి

మూడు వారాలకోసారి ఇచ్చే కీమోల్లో ఎక్కువగా కనిపించే క్రమం ఇది. మొదటి రెండు మూడు రోజులు స్టెరాయిడ్ వల్ల నిద్ర పట్టదు, ముఖం ఎర్రబడుతుంది. డాక్సోరుబిసిన్ అయితే ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు, రక్తం కాదు. ఆ తర్వాతా అలాగే వస్తుంటే మాత్రం చెప్పాలి. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వికారం, నీరసం. ఐదు నుంచి పది మధ్య నోటి పూత. 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య తెల్ల రక్తకణాలు అట్టడుక్కి పడతాయి. ఆ వారాన్ని ఎర్ర ఇంకుతో గీయండి. మూడో వారంలో మనిషి తేరుకుంటారు. వారం వారం ఇచ్చే మందులకు ఈ లెక్క మారుతుంది, అడిగి తెలుసుకోండి.

నాలుగో అడుగు: జ్వరం

మిగతా అన్నింటికంటే దీన్ని శ్రద్ధగా చదవండి.

ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు న్యూట్రోఫిల్స్. సీబీపీ అనే రక్తపరీక్ష రిపోర్టులో వీటి లెక్క మీరే కట్టుకోవచ్చు. మొత్తం తెల్ల కణాలు 1,800, న్యూట్రోఫిల్స్ 40 శాతం అని ఉందనుకోండి. 1,800లో 40 శాతం అంటే 720. దీన్నే ఏఎన్‌సీ అంటారు. 1,000 కంటే తగ్గితే జాగ్రత్త పెంచాలి. 500 కంటే తగ్గితే చిన్న ఇన్ఫెక్షన్ కూడా కొన్ని గంటల్లో రక్తమంతా పాకగలదు. పోరాడే కణాలే లేనప్పుడు చీము పట్టదు, వాపు పెద్దగా కనిపించదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు.

కీమో నడుస్తున్న మనిషికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటితే అది అత్యవసరం. పొద్దున దాకా ఆగకూడదు. ఆస్పత్రికి చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్నది ప్రపంచమంతా పాటించే లక్ష్యం.

మన ఊళ్లలో జరిగేది వేరు. జ్వరం రాగానే ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేస్తారు. తగ్గినట్టు అనిపిస్తుంది. మళ్లీ వస్తే ఆర్‌ఎంపీని పిలిపిస్తారు. ఆయన పిర్రకు ఓ ఇంజెక్షన్ చేసి, సెలైన్ పెట్టి వెళతారు. ఈలోపు ఒక రోజు గడిచిపోతుంది. పారాసెటమాల్ జ్వరాన్ని కప్పేస్తుంది, లోపలి ఇన్ఫెక్షన్‌ను ఏమీ చేయదు. ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉంటే కండకు చేసిన ఆ ఇంజెక్షన్ దగ్గర లోపలే రక్తం కారి గడ్డలా చేరొచ్చు, ఇన్ఫెక్షన్ సోకొచ్చు. కాబట్టి ముందు టెంపరేచర్ చూడండి, రాసుకోండి, ఫోన్ చేయండి. పారాసెటమాల్ వేయాలా వద్దా అన్నది వాళ్లు చెప్పాక.

ఫోన్‌లో ఏం చెప్పాలో కంగారులో తోచదు. ఇలా చెప్పండి:

"సిస్టర్, మా అమ్మకి 58 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ రెండో సైకిల్ ఈ నెల 4న అయింది, ఇవాళ పదో రోజు. ఇప్పుడే చూశాం, జ్వరం 101. గంట నుంచి చలితో వణుకుతోంది. జ్వరం మాత్ర ఇంకా వేయలేదు. మీ దగ్గరికి నాలుగు గంటలు పడుతుంది, జిల్లా ఆస్పత్రి ఇరవై నిమిషాలు. ఎక్కడికి తీసుకెళ్లమంటారు?"

దూరం ఎక్కువైతే దగ్గర్లోని పెద్ద ఆస్పత్రికే వెళ్లమంటారు. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. క్యాజువాలిటీలో లైన్లో కూర్చోకుండా మొదటి మాటే ఇది చెప్పండి: "కీమో పేషెంట్, పదో రోజు, జ్వరం. కౌంట్స్ పడిపోయి ఉండొచ్చు." కౌంట్స్ అంటే రక్తకణాల లెక్క. ఫైలు చూపించండి. సీబీపీ, బ్లడ్ కల్చర్ తీసి యాంటీబయాటిక్ మొదలుపెడతారు. రిపోర్టు వచ్చే దాకా యాంటీబయాటిక్ ఆపుతామంటే, మీ క్యాన్సర్ డాక్టరుతో వాళ్లను అక్కడికక్కడే ఫోన్‌లో మాట్లాడించండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

జ్వరం లేకపోయినా వణుకు, మగత, మాట తడబడటం, ఆయాసం, మూత్రం బాగా తగ్గడం కనిపిస్తే అంతే తొందరపడాలి. పెద్దవయసు వాళ్లలో, స్టెరాయిడ్ వాడేవాళ్లలో జ్వరం పైకి రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరొచ్చు.

కౌంట్స్ పడిపోకుండా ఫిల్‌గ్రాస్టిమ్ లాంటి ఇంజెక్షన్లు ఇస్తారు. రోజూ ఇచ్చేవి కొన్ని, సైకిల్‌కి ఒక్కసారే ఇచ్చేవి కొన్ని. ఇవి మూలుగను తొందరపెడతాయి కాబట్టి నడుములో, తొడ ఎముకల్లో సలుపు వస్తుంది. భయపడొద్దు, నొప్పికి ఏం వేయాలో అడగండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ మాత్రలు మాత్రం సొంతంగా వేయొద్దు.

ఇక పరామర్శలు. మనవాళ్లకు ప్రేమ ఎక్కువ. పదిమంది ఒకేసారి వచ్చి మంచం చుట్టూ కూర్చుంటారు. ఆ ఎర్ర ఇంకు వారంలో దగ్గు జలుబు ఉన్నవాళ్లను రావొద్దని మొహమాటం లేకుండా చెప్పండి. చేతులు సబ్బుతో కడుక్కోవడం, అప్పటికప్పుడు వండింది తినడం, మరగబెట్టిన పాలు తాగడం, బయట కోసి అమ్మే పండ్ల ముక్కలు, పానీపూరీ, చెరుకు రసం మానేయడం. ఇంతే కావాల్సింది.

ఐదో అడుగు: వాంతులు

వాంతి వచ్చాక మాత్ర వేయడం కంటే రాకముందే వేయడం ముఖ్యం. ఆన్‌డాన్‌సెట్రాన్, డెక్సామెథాసోన్, అప్రెపిటాంట్ ఏ రోజు ఎన్ని రాశారో, వికారం ఉన్నా లేకపోయినా అన్నీ వేయాలి. రాత్రిపూట ఓలాంజపిన్ రాస్తారు. మందుల షాపులో అది మానసిక రోగులకు ఇచ్చే మందని చెబితే చాలామంది బెదిరి ఆపేస్తారు. చిన్న మోతాదులో, నాలుగు రోజులు, ఇది కీమో వికారానికి చాలా బాగా పనిచేస్తుంది. మగత ఉంటుంది కాబట్టి పడుకునే ముందు వేస్తారు.

వంటింటి సంగతి ఒకటి. తాలింపు ఘాటు, చేపల పులుసు వాసన తగిలితే కడుపులో తిప్పేస్తుంది. రోగి వేరే గదిలో ఉన్నప్పుడు, తలుపు వేసి వండండి. చల్లారాక పెట్టిన తిండికి వాసన తక్కువ. కంచం నిండా పెట్టి బతిమాలేకంటే రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు మేలు. మాత్రలు వేసినా రోజంతా మంచినీళ్లు కూడా నిలవకపోతే సెలైన్ అవసరం, ఆస్పత్రికి వెళ్లండి. వచ్చే సైకిల్‌కి మందులు మార్చమని అడగండి. మార్చడానికి వాళ్ల దగ్గర దారులున్నాయి.

ఆరో అడుగు: నోటి పూత, తిండి

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ వంట సోడా కలపండి. రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు పుక్కిలించి ఉమ్మాలి. పూత రాకముందే మొదలుపెడితే ఇంకా మంచిది. ఆల్కహాల్ ఉండే మౌత్‌వాష్‌లు మంటపెడతాయి, వద్దు. నాలుక మీద పెరుగు అంటుకున్నట్టు తెల్ల పొర కనిపిస్తే అది ఫంగస్ కావొచ్చు, దానికి వేరే మందు ఉంది.

5-ఎఫ్‌యూ ఇంజెక్షన్‌గా ఇచ్చేటప్పుడు అరగంట పాటు ఐసు ముక్కలు చప్పరిస్తే పూత తగ్గుతుంది. అయితే దానితోపాటు ఆక్సాలిప్లాటిన్ కూడా ఉంటే ఐసు ముట్టుకోకూడదు. నర్సును అడగకుండా చేయొద్దు.

పూత ఉన్నన్నాళ్లు ఆవకాయ, పచ్చిమిరప, చింతపండు పక్కన పెట్టండి. పెరుగన్నం, మెత్తటి పప్పన్నం, రాగి జావ, పెసరకట్టు, నేతితో ఇడ్లీ, ఉడికించిన గుడ్డు నలిపి పెట్టండి. ఇక్కడ పథ్యం గురించి గట్టిగా చెప్పాలి. గుడ్డు వేడి, పెరుగు వాతం, మాంసం పుండుకు చెడ్డది అని అన్నీ ఆపేసి చారన్నంతో నెట్టుకొస్తారు. దెబ్బతిన్న కణాలు మళ్లీ కట్టుకోవడానికి ప్రొటీన్ కావాలి. బరువు బాగా తగ్గిపోతే కీమో డోసు తగ్గించాల్సి వస్తుంది, వాయిదా పడుతుంది. గుడ్డు, పప్పు, పాలు, బాగా ఉడికిన చేప, చికెన్ ఏది సహిస్తే అది పెట్టండి. చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందన్న భయంతో అన్నం మాన్పించొద్దు.

నోరు చేదుగా, ఇనుము రుచిగా ఉందంటే స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌ది వాడి చూడండి. పూత లేకపోతే నిమ్మరసం రుచి తెప్పిస్తుంది.

ఏడో అడుగు: కడుపు

విన్‌క్రిస్టిన్, ఆన్‌డాన్‌సెట్రాన్, మార్ఫిన్ మలబద్ధకం చేస్తాయి. మూడు రోజులు ఆగి చూడొద్దు, మొదటి రోజు నుంచే రాసిచ్చిన సిరప్ వాడాలి. కౌంట్స్ తక్కువ ఉన్నప్పుడు మలద్వారం గుండా ఇచ్చే ఎనిమా, సపోజిటరీ పెట్టకూడదు.

ఇరినోటెకాన్, కాపెసిటబిన్ విరేచనాలు చేస్తాయి. మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా, రాత్రి నిద్రలో లేవాల్సి వచ్చినా కాపెసిటబిన్ మాత్ర ఆపి ఫోన్ చేయండి. ఒక పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం పొడి వేసి కాదు. విరేచనాలతో పాటు జ్వరం ఉంటే ఇంట్లో వైద్యం వద్దు.

ఎనిమిదో అడుగు: చేతులు, పాదాలు

ఆక్సాలిప్లాటిన్ ఇచ్చిన కొన్ని రోజులు చల్లటిది తగిలితే వేళ్లు కరెంట్ కొట్టినట్టు జివ్వుమంటాయి, గొంతు పట్టేసినట్టు అవుతుంది. ఫ్రిజ్ తలుపు ఇంకొకరు తీయాలి. గోరువెచ్చని నీళ్లు, ఇంట్లోనూ చెప్పులు.

పాక్లిటాక్సెల్‌తో తిమ్మిర్లు. జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోతున్నా, చెప్పు జారిపోతున్నా తెలియకపోయినా డాక్టరుకు అదే మాటల్లో చెప్పండి. "కొంచెం తిమ్మిరి" అంటే వాళ్లకు తీవ్రత తెలియదు. స్పర్శ తెలియని పాదాలను రోజూ రాత్రి చూడండి. వేడినీళ్లు ఇంకొకరు చేయి పెట్టి చూశాకే పోసుకోవాలి.

కాపెసిటబిన్ వేసుకునేవాళ్లకు అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండి పొరలు లేస్తాయి. యూరియా క్రీము రాయండి, బట్టలు ఉతకడం, అంట్లు తోమడం కొన్నాళ్లు ఇంకొకరికి అప్పగించండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ చేతులకు రాసినవాళ్లలో ఈ సమస్య ఒక మోస్తరు నుంచి తీవ్రంగా వచ్చింది 3.8 శాతం మందికే. ఉత్తి జెల్ రాసినవాళ్లలో అది 15 శాతం. ఖరీదు తక్కువ మందు. మీ డాక్టరును అడగదగ్గ విషయం.

రేడియేషన్ ఉన్నవాళ్లకు

చర్మం కమిలేది చివరి వారాల్లో, పూర్తయ్యాక ఒకటి రెండు వారాలు కూడా. ఆ చోట పసుపు, సున్నిపిండి, గంధం, నూనె రాయొద్దు. గోరువెచ్చని నీళ్లు పోసి మెత్తని గుడ్డతో అద్దాలి. రేడియేషన్ కోసం చర్మం మీద గీసిన గుర్తులు చెరపకూడదు. వదులైన నూలు బట్టలు వేయాలి. నోటి భాగానికి రేడియేషన్ అయితే నోరు తెరిచే వ్యాయామం రోజూ చేయాలి, లేకపోతే దవడ బిగుసుకుపోతుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ అయిన స్త్రీలకు యోనిమార్గం కుంచించుకుపోవచ్చు. దానికి డైలేటర్ అనే సాధనం, జెల్ ఉన్నాయి. ఎవరూ అడగరు, చాలాచోట్ల ఎవరూ చెప్పరు. తర్వాత డాక్టరు పరీక్ష చేయడానికి కూడా ఇది అవసరం. సిస్టర్‌ను అడగండి.

జుట్టు, నీరసం, మనసు

మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు తిరిగి వస్తుంది. ముందే గుండు చేయించుకుంటే దిండు మీద వెంట్రుకలు చూసే బాధ తప్పుతుంది. తిరుమలలో తలనీలాలిచ్చే మన దగ్గర గుండు వింతేమీ కాదు. పిల్లలకు మాత్రం నిజం చెప్పండి.

నీరసం మంచం మీద పడుకుంటే పోదు. పొద్దున, సాయంత్రం పది పదిహేను నిమిషాల నడక చాలా మందుల కంటే మేలు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించండి. ఏడుపు ఆగకపోతే, నిద్ర లేకపోతే, బతకాలని లేదంటే అదీ సైడ్ ఎఫెక్టే, నోట్‌బుక్‌లో రాయాల్సిందే, డాక్టరుకు చెప్పాల్సిందే. నొప్పికి మార్ఫిన్ రాస్తే అలవాటైపోతుందన్న భయంతో దాచొద్దు. డాక్టరు చెప్పినట్టు వాడితే అది సురక్షితం.

మందు మారితే గుర్తులూ మారతాయి

పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు మన రోగనిరోధక శక్తినే రెచ్చగొడతాయి. పొడి దగ్గు, ఆయాసం, విరేచనాలు, కామెర్లు, దద్దుర్లు కనిపిస్తే అది ఊపిరితిత్తుల మీద, పేగుల మీద, కాలేయం మీద సొంత కణాలే దాడి చేయడం కావొచ్చు. చికిత్స స్టెరాయిడ్లతో. మందు ఆపిన నెలల తర్వాత కూడా రావొచ్చు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర వాడేవాళ్లకు నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించినా, ఏ మందు వాడుతున్నా ఒక కాలు మాత్రమే వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా ఆ రోజే చూపించాలి.

నాటు మందులు

లక్ష్మణఫలం, గోధుమగడ్డి రసం, బొప్పాయి ఆకు పసరు, భస్మాలు. ఎవరో ఒకరు తెచ్చిస్తారు, ప్రేమతోనే. లక్ష్మణఫలం మనుషుల్లో క్యాన్సర్ తగ్గిస్తుందనడానికి రుజువు లేదు. కౌంట్స్ పడిపోయినప్పుడు పచ్చి పసర్లు ఇన్ఫెక్షన్ తేవచ్చు. లోహాలు కలిసిన భస్మాలు కాలేయానికి, కిడ్నీలకు చేటు. అదే అవయవాలు కీమోను బయటికి పంపాలి. ఏం వాడుతున్నా డాక్టరుకు దాచకండి.

తర్వాతి విజిట్‌కి

నోట్‌బుక్ తెరిచి ఏ రోజు ఎన్ని వాంతులు, ఎన్ని మోషన్లు, ఎంత జ్వరం, ఎంత బరువు అన్నీ చదివి వినిపించండి. "బాగానే ఉంది సార్" అని రెండు ముక్కల్లో తేల్చొద్దు. చెబితే డోసు తగ్గిస్తారేమో, క్యాన్సర్ తగ్గదేమో అని టెన్షన్ పడి చాలామంది దాస్తారు. డాక్టరు చాలాసార్లు డోసు ముట్టుకోకుండా సహాయక మందులు మారుస్తారు. ఒకవేళ తగ్గించినా, చికిత్స లక్ష్యం చూసి లెక్కతోనే తగ్గిస్తారు.

అంతా అయ్యాక ఫైలు పారేయకండి. కొన్ని తిమ్మిర్లు ఆక్సాలిప్లాటిన్ ఆపిన తర్వాత కొన్ని నెలలు పెరిగి, ఆపైన మెల్లగా తగ్గుతాయి. డాక్సోరుబిసిన్ ప్రభావం గుండె మీద ఏళ్ల తర్వాత కనిపించవచ్చు. పదేళ్లకు ఆయాసంతో ఏ గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆ మందు మొత్తం ఎంత మోతాదు తీసుకున్నారో ఆయనకు ఆ ఫైలే చెప్పాలి.